అటక మీది టేపుల నుంచి ఆల్బమ్ దాకా: ఒక డ్రమ్ కోర్ ఆర్కైవ్ కేస్ స్టడీ

పరిచయం లేనివాళ్ళ కోసం ముందు రెండు మాటలు. డ్రమ్ కోర్ అంటే మైదానంలో కవాతు చేస్తూ వాయించే బృందం. అందులో క్లారినెట్లు, ఫ్లూట్లు ఉండవు. ఇత్తడి బూరలు, డ్రమ్ములు, జెండాలు తిప్పే కలర్ గార్డ్, ముఖ్యంగా ఇవే. అమెరికాలో 22 ఏళ్ళ లోపు కుర్రకారు వేసవంతా బస్సుల్లో తిరుగుతారు. స్కూలు జిమ్ముల్లో నేల మీద పడుకుంటారు. పగలు ప్రాక్టీసు, రాత్రి ఏదో ఒక స్టేడియంలో పోటీ. ఒక్కో ప్రదర్శన పదకొండు, పన్నెండు నిమిషాలు ఉంటుంది. ఆ కాసేపూ బూర ఊదుతూనే, ఫుట్‌బాల్ మైదానమంతా కొలిచినట్టు అడుగులు వేస్తారు. మొదట్లో ఈ కోర్‌లలో చాలావాటిని అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ లాంటి మాజీ సైనికుల సంఘాలు, చర్చిలు నడిపేవి. మన పోటీలు మనమే నడుపుకుందామని కొన్ని కోర్‌లు 1971లో కలిసి డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ పెట్టుకున్నాయి. అందరూ డీసీఐ అంటారు. దాని మొదటి చాంపియన్‌షిప్ 1972 ఆగస్టులో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగింది. కాలిఫోర్నియా నుంచి వచ్చిన అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచింది. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి, హక్కుల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

పాత టేపుల్ని డిజిటల్ చేయడం నా వృత్తి. ఇప్పుడు చెప్పేది అమెరికా ఈశాన్యంలో ఎప్పుడో మూతబడిన ఒక కోర్ సంగతి. లైసెన్సుల బేరం ఇంకా నడుస్తోంది కాబట్టి దాని పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. పాత సభ్యుల సంఘం ఒకటి మిగిలింది. వాళ్ళ పాత డైరెక్టర్ ఇంటి అటక మీద, బేస్‌మెంట్‌లో అట్టపెట్టెల నిండా టేపులు దొరికాయి. పావు అంగుళం ఓపెన్ రీళ్ళు, లెక్కలేనన్ని క్యాసెట్లు, కొన్ని ఎల్‌పీలు, 90లలో వాడిన డాట్ (డిజిటల్ ఆడియో టేపు) క్యాసెట్లు, యూమాటిక్, వీహెచ్ఎస్ వీడియోలు. "వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, రీయూనియన్‌కి ఒక సీడీ వేద్దాం" అన్నది వాళ్ళ కోరిక. వినడానికి ఒక్కటే పనిలా ఉంటుంది. నిజానికి రెండు. టేపు బతకడానికి చేసే పని వేరు, బయటికి వదలడానికి చేసే పని వేరు. మొదటిది నా బల్ల మీద జరుగుతుంది. రెండోది చాలావరకు కాగితాల మీద. అయితే ఆ కాగితాలకు కావలసిన సమాచారం దొరికేది టేపు మిషన్ మీద తిరుగుతున్నప్పుడే. ఈ కేసు రాయడానికి కారణం అదే.

ఏది ముందు

అన్నీ ఒకే తొందరలో లేవు. ముందు డాట్‌లు తీశాం. వయసులో అవే చిన్నవి, అయినా ప్రమాదం వాటికే ఎక్కువ. సోనీ 2005లో డాట్ మిషన్ల తయారీ ఆపేసింది. బాగా పనిచేసే డెక్ దొరకడం ఏటికేడూ కష్టమవుతోంది. పైగా రీలు పాడైతే గరగరమంటుంది, మోగడం మాత్రం మానదు. డాట్ పాడైతే ఏకంగా నిశ్శబ్దం.

తర్వాత రీళ్ళు. ముందుగా ప్రతి రీలునూ కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. చుట్టిన టేపు లోంచి వెలుతురు కొంచెం కనబడితే అది అసిటేట్ అనే పాతకాలపు ప్లాస్టిక్. కనబడకపోతే పాలియెస్టర్. పాత 60ల రీళ్ళలో అసిటేట్ ఎక్కువ. వాటి పెట్టె తెరవగానే వెనిగర్ వాసన కొడితే రసాయనికంగా కుళ్ళడం మొదలైందని అర్థం. అసిటేట్ తెగితే శుభ్రంగా తెగుతుంది, అతికించవచ్చు. పాలియెస్టర్ సాగుతుంది, సాగిన చోట ఇక చేసేదేమీ లేదు.

70ల నడిమి నుంచి వచ్చిన పాలియెస్టర్ టేపులకు మరో రోగం ఉంది. ఆంపెక్స్ 406, 456 లాంటి రకాల్లో అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో డబ్బా మూత సరిగ్గా పెట్టని బెల్లంలా టేపు జిగటెక్కిపోతుంది. మిషన్‌కి ఎక్కిస్తే కీచుమంటుంది, టేపును చదివే హెడ్ మీద గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. ఆ మడ్డే సంగీతం, అదే రాలిపోతోంది. కీచు వినబడగానే ఆపేయాలి.

దీనికి మందు బేకింగ్. సుమారు 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఎనిమిది గంటలో ఇంకా పైనో, ల్యాబ్ ఇన్‌క్యుబేటర్‌లో పెట్టి తేమ లాగేస్తాం. తర్వాత అంతసేపూ తనంతట తానే చల్లారనివ్వాలి. ఆపైన కొన్ని వారాలు టేపు బాగా నడుస్తుంది, ఆ లోపల పని పూర్తి చేయాలి. వంటింటి ఓవెన్ వద్దు, దాని ఉష్ణోగ్రత పైకీ కిందికీ ఊగుతుంది. అసిటేట్‌ను మాత్రం పొరపాటున కూడా బేక్ చేయకూడదు, చేస్తే పెళుసెక్కి ముడుచుకుపోతుంది. కిటికీ దగ్గర ఆ వెలుతురు పరీక్ష అందుకే.

రెండు గీతలు

క్యాసెట్ల దగ్గర అసలు తలనొప్పి స్పీడు. స్టేడియం మెట్ల మీద కూర్చుని రికార్డు చేసిన చవక రికార్డర్లలో ఏ రెండూ ఒకే వేగంతో తిరగవు. మరి అసలు స్వరం ఏదని తేల్చుకోవడం ఎలా? బూరల శ్రుతిని నమ్ముకోవచ్చు కదా అనిపిస్తుంది. ఆ రోజుల్లో డ్రమ్ కోర్‌లో వాడినవన్నీ జీ శ్రుతిలో ఉండే బ్యూగిల్స్ అనే బూరలే. వేరే శ్రుతుల బూరలకు డీసీఐలో అనుమతి వచ్చింది 2000లో. కానీ ఆగస్టు ఎండలో ఇత్తడి వేడెక్కితే శ్రుతి పైకి పోతుంది. పైగా కొన్ని కోర్‌లు కావాలనే కాస్త ఎత్తు శ్రుతి పెట్టుకునేవి. సంఘంలోని ఒక పెద్దాయన "మేమెప్పుడూ కొంచెం షార్ప్‌గానే వాయించేవాళ్ళం" అంటారు. పక్కనున్నాయన "నువ్వు వాయించేవాడివి" అంటారు. ఇలాంటి సాక్ష్యంతో స్పీడు సరిచేయలేం.

మేం పనిచేసిన చోటు ఒక యూనివర్సిటీ లైబ్రరీ ల్యాబ్. అక్కడ ఎంఎస్ చదువుకుంటూ క్యాంపస్ ఉద్యోగం చేసే కరీంనగర్ కుర్రాడు ఒకడు నాకు సాయం ఉండేవాడు. ఒక క్యాసెట్ స్పెక్ట్రం, అంటే ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ, తెర మీద పెట్టి పిలిచాడు.

"అన్నా, ఈడ సూడు. హమ్ము గీత ఒకటి గాదు, రెండున్నయ్."

ఒకటి సరిగ్గా 60 హెర్ట్జ్ దగ్గర ఉంది. రెండోది 61.2 దగ్గర.

"60 దగ్గరిది మనదేరా. డెక్ గ్రౌండింగ్ ఎక్కడో వదులైంది, చూడు."

"మరి రెండోదో?"

రెండోది ఆ రాత్రి స్టేడియంలోది. రికార్డర్‌ను స్టేడియం ప్లగ్గుకే తగిలించి ఉంటారు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్‌లో ఉంటుంది. ఆ గుయ్యిమనే శబ్దం సంగీతంతోపాటే టేపులోకి ఎక్కింది. ఇప్పుడది 61.2 దగ్గర వినబడుతోందంటే టేపు రికార్డయిన వేగం కంటే 2 శాతం ఎక్కువ వేగంతో మోగుతున్నట్టు. అంటే దాదాపు మూడోవంతు అరస్వరం పైకి. కుర్రాడు కేబుల్ సరిచేశాడు, మా గీత మాయమైంది. టేపు గీతను 60కి దించాం. పెద్దాయన చెప్పింది అప్పుడు తేలింది: వేగం సరిచేశాక కూడా బూరలు కొంచెం షార్ప్‌గానే ఉన్నాయి.

అందుకే మాస్టర్ కాపీలో హమ్మును తీయకూడదు. శబ్దాన్ని బాగుచేస్తున్నామనుకుంటూ కొలబద్దను పారేసినట్టవుతుంది. వేగం సరిచేసే లెక్క కూడా వేరే కాపీలోనే. మాస్టర్ మాత్రం ఉన్నది ఉన్నట్టు, 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైలు. గంటకు సుమారు 2 జీబీ. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు చెడలేదని తేల్చే సంఖ్య), మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఊళ్ళో. ఇవన్నీ ఈ వృత్తిలో అందరూ చేసేవే, ఇక్కడ సాగదీయను.

ఒక్కటి మాత్రం చెప్పాలి: అజిముత్. ప్లేబ్యాక్ హెడ్ టేపుకు ఎంత నిటారుగా నిలబడిందన్న సంగతి. రికార్డు చేసిన మిషన్ హెడ్ కొంచెం వంగి ఉంటే, మన హెడ్‌నూ అంతే వంచాలి. రెండు ఛానెళ్ళనూ మోనోలో కలిపి, చిన్న స్క్రూడ్రైవర్‌తో మరను వెంట్రుకవాసి తిప్పుతూ కంచు తాళాల (సింబల్స్) మెరుపు వింటాం. మెరుపు పూర్తిగా విచ్చుకున్న చోట ఆపాలి. ప్రతి టేపుకూ, ఒక్కోసారి టేపు మధ్యలో కూడా. దీన్ని వదిలేసి తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ట్రెబుల్ పెంచుకుందాం అనుకునేవాళ్ళు ఉన్నారు. రాని శబ్దాన్ని ఎంత పెంచినా రాదు.

పేరు లేని పెట్టెలు

చాలా పెట్టెల మీద "ఫైనల్స్" అని మాత్రమే ఉంది. ఏ ఊరు, ఏ సంవత్సరం? కొన్నిచోట్ల అనౌన్సరే కాపాడాడు. కోర్‌ను నడిపించే డ్రమ్ మేజర్‌ను "మీ కోర్ సిద్ధమేనా?" అని అడగడం ఈ పోటీల సంప్రదాయం. దాని చుట్టుపక్కల ఊరి పేరో, స్పాన్సర్ పేరో దొర్లుతుంది. అనౌన్సర్ లేనిచోట వాయిద్యాలే సాక్ష్యం. డీసీఐ పోటీల్లో రెండు వాల్వుల (స్వరం మార్చే మీటల) బ్యూగిల్స్ 1977 నుంచి, మూడు వాల్వులవి 1990 నుంచి వచ్చాయి. లోతు స్వరాల్లో వేగంగా పరిగెత్తే పలుకు వినబడిందంటే ఏ కాలానిదో కొంత తెలుస్తుంది. టింపనీలను, అంటే గిన్నెల్లాంటి పెద్ద డ్రమ్ములను, 70లలో భుజాన మోసుకుని నడిచేవాళ్ళు. 80ల మొదట్లో వాటిని మైదానం అంచున నేల మీద పెట్టడం మొదలైంది. టింపని శబ్దం షో అంతా ఒకేచోటి నుంచి వస్తుంటే అది ఆ మార్పు తర్వాతిదే. కోర్ సంగీతం ఏటేటా మారుతుంది కాబట్టి పాటల వరుస తెలిస్తే సంవత్సరం దాదాపు దొరికినట్టే. ఆ వరుసను చెప్పడానికి పాత సభ్యులకంటే మంచి సూచిక లేదు. నాలుగు బార్లు (తాళపు ఆవృతాలు) వినగానే బొటనవేలు తొడ మీద డ్రమ్ భాగం వాయించేస్తుంది, పేరు తర్వాత గుర్తొస్తుంది.

నా పద్ధతి ఇక్కడే మిగతావాళ్ళకు కొంచెం చాదస్తంగా కనబడుతుంది. టేపు మొదటిసారి మోగుతున్నప్పుడే పక్కన పట్టిక తెరిచి ఉండాలి. ఏ నిమిషం ఏ సెకను నుంచి ఏ పాట, రాసింది ఎవరు, కోర్ కోసం అరేంజ్ చేసింది ఎవరు, ఈ టేపు రికార్డు చేసింది ఎవరు, ఆ మాట ఎవరు చెప్పారు. "ముందు ఎక్కించేద్దాం, వివరాలు తర్వాత" అన్న ప్రాజెక్టుల్లో ఆ తర్వాత రానే రాదు. వందల గంటల ఫైళ్ళు హార్డ్ డిస్కులో పడి ఉంటాయి, వాటిని మళ్ళీ మొదటి నుంచి వినే ఓపిక ఎవరికీ ఉండదు. ఈలోగా చెప్పగలిగినవాళ్ళు వెళ్ళిపోతారు.

ఎంత శుభ్రం చేయాలి

రిలీజ్ కాపీకి కొంత శుభ్రం తప్పదు. ఎల్‌పీల మీది టిక్కుటిక్కులను తీసేసే ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్ మామూలు పాటల మీద అద్భుతంగా పనిచేస్తుంది. డ్రమ్ కోర్ మీద వదిలితే కొంప మునుగుతుంది. స్నేర్ డ్రమ్ (అడుగున తీగలతో చిరచిరమని మోగే డ్రమ్ము) మీద కర్ర పడే క్షణం, గీత పడిన రికార్డు మీద సూది ఎగిరే క్షణం, రెండూ తెర మీద ఒకేలా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ నమ్మకంగా స్నేర్ లైన్‌ను నమిలేస్తుంది. విన్న పాత డ్రమ్మర్ మొహం మాడిపోతుంది, కారణం ఏమిటో చెప్పలేకపోయినా. మేం ఒక్కో టిక్కునూ చేత్తో తీశాం. నెమ్మది పని, వేరే దారి లేదు.

ఇంకో ఆశ పుడుతుంది: వెనక వరసలో డ్రమ్ములు, ముందు వరసలో బూరలు టేపులో కొంచెం తేడాగా వినబడితే సర్దేద్దామని. ఫుట్‌బాల్ మైదానం వెడల్పు 49 మీటర్లు. ధ్వని ఆ దూరం దాటడానికి సెకనులో ఏడోవంతు పడుతుంది. కోర్ పిల్లలు ఈ లెక్కను చెవితోనే నేర్చుకుంటారు. వెనకనున్నవాళ్ళ తాళం విని ముందున్నవాళ్ళు కలుస్తారు, ఎదురు మెట్ల మీద కూర్చున్న శ్రోతకు అంతా ఒక్కటిగా చేరుతుంది. మైకు పెట్టిన చోటు వేరైతే తేడా బయటపడుతుంది. అది టేపు దోషం కాదు, మైదానం కొలత. దాన్ని ముట్టుకోలేదు. జనం కేకలనూ తగ్గించలేదు. కోర్ మొత్తం వెనక్కి తిరిగి వాయిస్తూ ఒక్కసారిగా మెట్లవైపు తిరిగినప్పుడు లేచే అరుపు, ఆ స్వరరచనలో లెక్కవేసుకున్న భాగమే.

ఎవరిది ఈ శబ్దం

2017లో అమెరికా టూర్‌లో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారికి ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీసు వచ్చినప్పుడు మనవాళ్ళు ఇళ్ళల్లో తెగ వాదించుకున్నారు. పాడినాయన పాట పాడుకోవడానికి అనుమతేమిటి అని. అక్కడ గొడవ వేదిక మీద పాడే హక్కు గురించి. రికార్డింగ్‌ను బయటికి వదలాలంటే దానికింకా పొరలున్నాయి. డ్రమ్ కోర్‌లో అన్ని పొరలూ ఒకేసారి ఎదురవుతాయి.

మొదటి పొర సంగీతం రాసినవాళ్ళది, వాళ్ళ పబ్లిషర్లది. కోర్‌లు వాయించేది చాలావరకు ఎవరో రాసిన సంగీతమే: బ్రాడ్‌వే నాటకాల పాటలు, జాజ్, సింఫనీలు. పాతకాలపు శాస్త్రీయ సంగీతంలా వినబడినంత మాత్రాన ఉచితం కాదు. గార్‌ఫీల్డ్ కేడెట్స్ అనే కోర్ 1987లో స్వరకర్త ఆరన్ కోప్లాండ్ 'అపలాచియన్ స్ప్రింగ్' వాయించి చాంపియన్‌షిప్ గెలిచింది. అది 1944 నాటి రచన. అమెరికా చట్టం ప్రకారం ఆ కాలపు సంగీతానికి ప్రచురణ నుంచి 95 ఏళ్ళ హక్కు.

ఆడియోకు ఒక వెసులుబాటు ఉంది. ఒక పాట ఒకసారి అనుమతితో రికార్డుగా బయటికి వచ్చాక, ఎవరైనా చట్టం నిర్ణయించిన రేటు కట్టి తమ రికార్డింగ్ వేసుకోవచ్చు. దీన్ని మెకానికల్ లైసెన్సు అంటారు. పబ్లిషర్ కాదనలేడు. సీడీ మీద ఒక్కో పాటకు, ఒక్కో కాపీకి 2006 నుంచి 9.1 సెంట్లు ఉండేది, 2023లో 12 సెంట్లయింది, ఆ తర్వాత ఇంకొంచెం పెరిగింది. తక్కువే కదా అనిపిస్తుంది. కానీ డ్రమ్ కోర్ షో అంటే పన్నెండు నిమిషాల్లో ఐదారు పాటల ముక్కలు. మధ్యలో రెండు వాక్యాలు దొర్లిన పాటకూ పూర్తి రేటే. సీడీలో 30 పాటలు, 500 కాపీలు అనుకోండి, 2023 రేటున 1,800 డాలర్లు. డబ్బు కంటే ముందు, ఆ రెండు వాక్యాలు ఏ పాటవో తెలియాలి. మొదటిరోజు పట్టికలో రాసుకున్న నిమిషాలు, సెకన్లు ఇక్కడే కాపాడాయి. స్ట్రీమింగ్‌కు ఈ బాధ కొంత తగ్గింది. 2021 నుంచి అమెరికాలో స్ట్రీమింగ్ కంపెనీలే ది మెకానికల్ లైసెన్సింగ్ కలెక్టివ్ అనే సంస్థ ద్వారా మొత్తానికీ కలిపి కడుతున్నాయి.

రెండో పొర అరేంజర్ది. పిల్లల బూరలకూ డ్రమ్ములకూ తగ్గట్టు సంగీతాన్ని తిరగరాసినాయన. చాలాచోట్ల ఆయనకూ కోర్‌కూ మధ్య ఉన్నది ఒక షేక్‌హ్యాండు, ఒక చెక్కు. కాగితం లేదు. మెకానికల్ లైసెన్సు శైలికి తగ్గట్టు మార్చుకోనిస్తుంది గానీ, మూల రాగం, స్వభావం మారిపోయేలా మారిస్తే ఒప్పుకోదు. ఎక్కడిదాకా శైలి, ఎక్కడినుంచి కొత్త రచన అన్నది లాయర్ల భోజనం. మేం బతికున్న అరేంజర్లందరి దగ్గరా, పోయినవాళ్ళ పిల్లల దగ్గరా సంతకాలు తీసుకున్నాం. ఎవరూ కాదనలేదు. ఒకాయన తన అరేంజ్‌మెంట్ నలభై ఏళ్ళ తర్వాత విని, ట్రంపెట్ల భాగం మార్చి మళ్ళీ వాయిద్దామా అని అడిగారు.

మూడో పొర రికార్డింగ్‌ది. ఇక్కడే ఆ వైట్‌వాటర్ తేదీ. అమెరికాలో 1972 ఫిబ్రవరి 15కు ముందు చేసిన రికార్డింగులు ఫెడరల్ కాపీరైట్ కిందికి వచ్చేవి కావు, రాష్ట్రాల చట్టాల కింద ఉండేవి. 2018లో వచ్చిన మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టం వాటికీ ఫెడరల్ రక్షణ ఇచ్చింది. 1957 నుంచి ఆ తేదీ దాకా చేసినవాటికి 2067 ఫిబ్రవరి 15 వరకు. డీసీఐ చాంపియన్‌షిప్‌ల చరిత్ర మొత్తం ఆ గీతకు ఇవతల ఉంది, అంతకు ముందరి లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ పోటీల రికార్డులన్నీ అవతల. మసాచుసెట్స్‌లోని రివీర్‌కు చెందిన ఫ్లీట్‌వుడ్ రికార్డ్స్ లాంటి కంపెనీలు ఆ పాత పోటీలను ఎల్‌పీలుగా వేసి అమ్మేవి. ఆ రికార్డు మన కోర్‌దే అయినా, మనం వేసుకోవడానికి మనది కాదు.

2018 చట్టంలోనే ఒక చిన్న తలుపు ఉంది. 1972కు ముందరి రికార్డింగ్ ఇప్పుడెక్కడా అమ్మకంలో లేదని నిజాయితీగా వెతికి తేల్చుకుంటే, లాభాపేక్ష లేని వాడకం కోసం కాపీరైట్ ఆఫీసులో నోటీసు వేయవచ్చు. 90 రోజుల్లో యజమాని అభ్యంతరం చెప్పకపోతే వాడుకోవచ్చు. అది రికార్డింగ్‌కే, లోపలి సంగీతానికి కాదు. మేం ఒక 60ల ఎల్‌పీకి ఆ దారిన వెళ్ళాం. చివరికి ఉచితంగా వినడానికి పెట్టగలిగింది అందులోని స్వరకర్త సూసా రాసిన పాత కవాతు పాటలలాంటివి, సంగీతం కూడా ఎప్పుడో పబ్లిక్ డొమైన్ అయిన, అంటే హక్కుల గడువు తీరిపోయిన ముక్కలు.

మెట్ల మీద కూర్చున్న అభిమానులు తీసిన క్యాసెట్లు వేరే కథ. అత్యంత మంచి శబ్దం ఉన్నవాటిలో కొన్ని అవే. తీసిందెవరో తెలియదు, స్టేడియంలో అనుమతి ఉండి తీశారో లేదో తెలియదు. భద్రం చేశాం, బయటికి వదల్లేదు. సంఘంలో దీనిమీద కోపగించుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ కోపం న్యాయమే, నా జవాబు మారలేదు.

జడ్జి టేపులు

అట్టపెట్టెల అడుగున ఒక వరస క్యాసెట్లు చిన్న అక్షరాల్లో పేర్లతో కనబడ్డాయి. ఇవి పోటీ న్యాయనిర్ణేతలవి. ప్రదర్శన జరుగుతుండగా పెర్కషన్ (డ్రమ్ముల) జడ్జి చేతిలో రికార్డర్ పట్టుకుని మైదానంలో పిల్లల మధ్య నడుస్తూ తన అభిప్రాయం అప్పటికప్పుడు మాట్లాడేవాడు. తర్వాత ఆ క్యాసెట్టు కోర్ టీచర్లకు అందేది. స్నేర్ లైన్‌కు మూడడుగుల దూరంలో రికార్డయిన శబ్దం మరెక్కడా దొరకదు. 1983 సీజన్ దాకా తప్పుకింత అని మార్కులు కోసే 'టిక్' పద్ధతి ఉండేది, ఆ తర్వాత పోయింది. జడ్జీల మాట తీరు ఎలా మారిందో ఈ క్యాసెట్లలో వినబడుతుంది. పాత వాటిలో కోపం తప్పుల మీద. కొత్త వాటిలో "ఇక్కడ మీ ఉద్దేశం ఏమిటి?" అన్న ప్రశ్నలెక్కువ.

పరిశోధకుడికి ఇవి బంగారం. కానీ వాటిలో "ఎడమ నుంచి మూడో కుర్రాడు మళ్ళీ వెనకబడ్డాడు" లాంటి మాటలు నిండా ఉన్నాయి. ఆ కుర్రాడికి అప్పుడు పదిహేనేళ్ళు ఉండొచ్చు. ఇప్పుడు తాతయ్యాడు. ఎవరో పాత సభ్యులకు తప్ప తెలియదులే అనుకోవచ్చు, అయితే వినబోయేది ఆ పాత సభ్యులే కదా. జడ్జి మాటలు జడ్జివి, వాటికీ అనుమతి కావాలి. సంఘం ఓటు వేసింది: ఇవి విడుదల కావు, లైబ్రరీలో ఉంటాయి, తన లైన్ టేపు తాను వినాలనుకున్న సభ్యుడికి వినిపిస్తారు. ఓటు వేసిన వెంటనే మొదటి దరఖాస్తు వచ్చింది. "నన్ను తిట్టిన టేపే కావాలి" అని.

బయటికొచ్చినవి, రానివి

చివరికి సంఘం విడుదల చేసింది కోర్ సొంతంగా రికార్డు చేయించుకున్న 70, 80ల రీళ్ళలోని షోలు. అప్పట్లో కోర్ ఇంజనీరుకు డబ్బు కట్టిన రసీదులు డైరెక్టర్ ఫైల్లో దొరకడం అదృష్టం. రికార్డింగ్ మనదే అని చెప్పడానికి అంతకు మించిన ఆధారం లేదు. సీడీ, స్ట్రీమింగ్ రెండూ. ఒక షోలో ఒక పాట వదిలేయాల్సి వచ్చింది, దాని హక్కుదారు ఎవరో ఇద్దరు పబ్లిషర్లూ తేల్చుకోలేదు. మధ్యలో ముక్క కోసేస్తే వినేవాళ్ళకు అర్థం కాదు కాబట్టి, ఆ షో మొత్తాన్నీ పక్కన పెట్టాం. వీడియోల్లో శబ్దం తీసేసి బొమ్మ మాత్రం వదిలే పద్ధతి ఈ రంగంలో ఉంది. నాకు అది నచ్చదు.

మాస్టర్లన్నీ యూనివర్సిటీ లైబ్రరీకి ఇచ్చేశాం. అమెరికా కాపీరైట్ చట్టంలోని 108వ సెక్షన్ లైబ్రరీలకు, ఆర్కైవ్‌లకు ప్రచురణ కాని వాటిని భద్రత కోసం మూడు కాపీలదాకా చేసుకునే హక్కిస్తుంది. డిజిటల్ కాపీ మాత్రం ఆ గోడలు దాటి బయట జనానికి అందకూడదు. పాత సభ్యుల సంఘం ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటే ఈ హక్కు వర్తించదు. బయటి పరిశోధకులకు తలుపు తెరిచి ఉండే సంస్థ కావాలి.

వీడియోలు అక్కడే ఉన్నాయి. బొమ్మతో కలిపి సంగీతం వదలాలంటే సింక్ లైసెన్సు కావాలి. దానికి చట్టం నిర్ణయించిన రేటు లేదు. పబ్లిషర్ ఎంతంటే అంత, వద్దంటే వద్దు, జవాబివ్వకపోయినా అడిగేవాడు లేడు. టీవీలో వచ్చిన వాటికి ప్రసార సంస్థ హక్కు అదనం. ఒక షోకు అడిగితే ఐదేళ్ళ అనుమతికి ఒక పబ్లిషర్ చెప్పిన ధర సంఘం దగ్గరున్న డబ్బు కంటే ఎక్కువ. అదే షో ఎవరో ఎక్కించిన మసక కాపీ యూట్యూబ్‌లో ఉందని, మంచిది మన దగ్గర పెట్టుకుని ఎందుకు దాచడమని ఏటా ఆగస్టులో, ఫైనల్స్ రోజుల్లో, ఈమెయిళ్ళు వస్తాయి. పెట్టినవాడి పేరు ఎవరికీ తెలియదు, సంఘానికి చిరునామా ఉంది. చూడాలనుకున్నవాళ్ళు ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుని లైబ్రరీ రీడింగ్ రూమ్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూడవచ్చు. మరో ఇద్దరు పబ్లిషర్ల జవాబు రావాలి. వచ్చాక ఆ ఒక్క షోకైనా చందాలు వేసుకోవాలా అన్నది వచ్చే రీయూనియన్ అజెండాలో ఉంది.